కొలవకుండా రాసిన అంకెలు

హైదరాబాద్ శివార్లలోని ఒక ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేస్తున్న ఇరవై రెండేళ్ల అబ్బాయి సలహా అడుగుతూ నాకు పెద్ద ఉత్తరం రాశాడు. సొంతూరు పల్నాడు జిల్లా. తన పేరు, కంపెనీ పేరు బయటపెట్టవద్దన్నాడు. సారాంశం ఇది.

బి.టెక్ మెకానికల్ అయ్యాక కొన్నాళ్లు ఖాళీగా ఉండి, కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఈ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఏడాది ఒప్పందం, నెలకు 14,500 స్టైపెండ్. ఏడు నెలలు గడిచాయి. మొదటి రెండు వారాలు సేఫ్టీ క్లాసులు పెట్టారు, ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపించారు. తర్వాత సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే లోహపు కోత మెషిన్ల) లైన్‌లో ఒక మెషిన్ దగ్గర నిలబెట్టారు. ఇప్పటికీ అదే మెషిన్. పీసు పెట్టడం, తలుపు మూయడం, బటన్ నొక్కడం, పీసు తీయడం, కొలవడం. ఐటీఐ చదివిన ఆపరేటర్లు ‘ఇంజనీర్ గారూ’ అని పిలుస్తుంటే అది గౌరవమో వెటకారమో తనకు తెలియడం లేదట.

అసలు బాధ వేరే ఉంది. ఆ పీసులో 32 మిల్లీమీటర్ల బోరు, అంటే గుండ్రటి రంధ్రం. 32.000 నుంచి 32.025 లోపు ఉండాలి. రెండు గంటలకోసారి ఐదు పీసులు కొలిచి షీటులో రాయాలి. నైట్ షిఫ్ట్‌లో టార్గెట్ వెనకబడినప్పుడల్లా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ‘కొలుస్తూ కూర్చుంటే ప్రొడక్షన్ ఎవడిస్తాడు, నింపెయ్’ అనేవాడు. మొదట్లో భయం వేసినా తర్వాత అలవాటైపోయింది. పోయిన నెల ఒక రాత్రి రెండు నుంచి ఆరు దాకా ఒక్క పీసు కూడా కొలవకుండా పదిహేను గళ్లూ నింపాడు. వారం తర్వాత, పీసులు కొన్న కంపెనీ అసెంబ్లీ లైన్‌లో షాఫ్ట్ బోరులో పట్టలేదు. 340 పీసులు పక్కన పెట్టించి మీటింగ్ పెట్టారు. ఆ రాత్రి మెషిన్ మీద ఉన్న ఆపరేటర్‌కు షోకాజ్ నోటీసు ఇచ్చారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా. పదకొండేళ్ల సర్వీసు, ఇద్దరు ఆడపిల్లలు. ఇంక్రిమెంట్ ఆపుతారని అంటున్నారు. ఎంక్వైరీ ఇంకా సాగుతోంది. ‘షీటు మీద ఉన్న పేరు ఆ ఆపరేటర్ అన్నది, అంకెలు నావి. ఆయనకు అన్నం దిగడం లేదు. నాకూ దిగడం లేదు’ అని రాశాడు.

అమీర్‌పేట హాస్టల్‌లో ఉన్న స్నేహితుడు ‘ఆ ఇనుము వదిలేసి వచ్చెయ్, ఆరు నెలల కోర్సు చేస్తే సాఫ్ట్‌వేర్‌లో పడతావు’ అంటున్నాడు. ఫీజు 60 వేలు. తండ్రి కౌలుకు మిర్చి వేస్తాడు. రెండు రూపాయల వడ్డీకి తెస్తానన్నాడు. ఊళ్లో మాత్రం ‘మావాడు కంపెనీలో ఇంజనీరు’ అని చెప్పుకుంటాడు. ‘నిజం చెబితే సర్టిఫికెట్ పోతుందేమో. చెప్పకపోతే నిద్ర పట్టదు. అన్నీ వదిలేసి కోర్సులో చేరిపోనా?’ అన్నది ప్రశ్న.

బాబూ,

నీది నా రెండో కొడుకు వయసు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. బాలానగర్ షెడ్లలో మొదలుపెట్టి ముప్పై ఏళ్లకు పైగా మెషిన్ల మధ్యే బతికాను. నీ ఉత్తరం చదువుతుంటే కూలెంట్ వాసన ముక్కుకు తగిలింది.

నువ్వు రెండు వేరువేరు బాధల్ని ఒకే మూటగా కట్టావు. ఒకటి ఆ రాత్రిది. రెండోది ఈ పనిలో నీకు ముందు దారి ఉందా లేదా అన్నది. సాఫ్ట్‌వేర్ ఆలోచన మొదటిదాని నుంచి పారిపోవడానికి వచ్చిందేమోనని నా అనుమానం. ఎందుకంటే నీ ఉత్తరంలో ఆ కోర్సు గురించి ఉన్నవి నాలుగు వాక్యాలే, ఆ షీటు గురించి రెండు పేజీలు ఉన్నాయి. అందుకని షీటుతోనే మొదలుపెడతాను.

నీ మెషిన్‌లో ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బోరు తొలిచే ఇన్సర్ట్ (పనిముట్టు చివర బిగించే చిన్న కోత ముక్క) మొన అరిగేకొద్దీ అది తీయాల్సినంత లోహం తీయదు. బోరు మెల్లగా చిన్నదవుతూ వస్తుంది. నిజంగా కొలిచినవాడి షీటులో అది కనిపిస్తుంది. 32.018, .016, .013, .010, అక్కడ ఎవరో ఆఫ్‌సెట్ ఇచ్చారు, అంటే అరుగుదలకు తగ్గట్టు పనిముట్టు స్థానాన్ని మెషిన్‌లో సరిదిద్దారు, మళ్లీ .019. అంకెలు మెట్లు దిగినట్టు దిగి, ఒక్కసారిగా ఎగురుతాయి. కొలవకుండా రాసినవాడి షీటులో .012, .013, .012, .012, .013 అని ఉంటుంది. మనిషికి మధ్యలో ఉన్న అంకె మీదే నమ్మకం ఎక్కువ.

నా తొలి ఉద్యోగంలో నేనూ ఒకసారి ఇలాగే నింపాను. మా ఫోర్‌మన్ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వెలుతురులో చూశాడు. నన్ను తిట్టలేదు. ‘ఎనిమిది గంటల్లో రాసిన కాగితం మీద నూనె చెయ్యి పడాలి. పెన్ను ఒత్తిడి మారాలి. ఇది ఒకే కూర్చోవడంలో రాశావు’ అన్నాడు. ఆ మధ్యాహ్నం నన్ను పక్కన నిలబెట్టుకుని యాభై పీసులు కొలిపించాడు. ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. ఈ రోజుకీ నా చేతికి మైక్రోమీటర్ ఇస్తే ఆయన నా పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

ఇది నీకు ఎందుకు చెబుతున్నానంటే, మీ క్వాలిటీ వాళ్లలో అనుభవం ఉన్న మనిషి ఒక్కడున్నా ఆ పదిహేను గళ్లు చూడగానే అర్థమై ఉంటుంది. చేతిరాత ఎవరిదో పోల్చుకోవడం కూడా కష్టం కాదు. నీ పేరు బయటికి రాలేదు అనుకుంటున్నావు. ఇంకా రాలేదు, అంతే.

నీ ముందు ఉన్న దారులు చూద్దాం. ఊరుకోవచ్చు. ఎంక్వైరీలో ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అని రాసుకుని, ఆయనకు ఒక ఇంక్రిమెంట్ కోసి, అందరికీ ఒక గంట క్లాసు పెట్టి ఫైలు మూసేస్తారు. నీకేమీ కాకపోవచ్చు. కానీ జరిగినదానికి అసలు కారణం ఎవరూ పట్టుకోలేదు కాబట్టి వచ్చే నెల ఇంకో రాత్రి ఇదే జరుగుతుంది. ఈసారి బోరు చిన్నదైంది, షాఫ్ట్ పట్టలేదు, దొరికిపోయింది. లోహం ఇంకా మిగిలే ఉంది కనుక ఆ పీసుల్ని మళ్లీ తొలిచి చాలావరకు బతికించవచ్చు కూడా. అదే ఎవరో తప్పు ఆఫ్‌సెట్ ఇచ్చి బోరు పెద్దదై ఉంటే? షాఫ్ట్ హాయిగా పట్టేది. వదులుగా, కారులోకి వెళ్లిపోయేది. ఆ కారులో ఎవరు కూర్చుంటారో నీకూ తెలీదు, నాకూ తెలీదు. పైగా, ఎంక్వైరీ నడుస్తుండగా నీ అంతట నువ్వు చెప్పడం వేరు. అది మూసేశాక ఇంకెవరో నీ పేరు చెప్పడం వేరు. అప్పుడు అంకెలు నింపిన తప్పు కంటే, ఒక మనిషిని బలి కానిచ్చి చూస్తూ ఊరుకున్న తప్పు పెద్దదవుతుంది.

షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కు ఒక్కడికే చెప్పవచ్చు. ఆయన చెడ్డవాడని నేను అనను. ఆయన మీదా పైనుంచి టార్గెట్ కత్తి వేలాడుతూ ఉంటుంది. కానీ నింపెయ్యమన్న మనిషే ఆయన. ‘నోరు మూసుకుని పని చూసుకో, సర్టిఫికెట్ నేను ఇప్పిస్తాను’ అనే అవకాశం ఎక్కువ. అప్పుడు నువ్వు ఆయనకు తాకట్టు పడతావు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. నీకంటే ముందే ఆయన పైకి వెళ్లి కథ తనకు అనుకూలంగా చెప్పుకోవచ్చు.

మూడోది, క్వాలిటీ హెడ్ దగ్గరికో, మీ ట్రైనింగ్ చూసే హెచ్‌ఆర్ మనిషి దగ్గరికో వెళ్లి చెప్పడం. నేను నీ స్థానంలో ఉంటే ఇదే చేస్తాను. దీనివల్ల దెబ్బ తగలదని మాత్రం హామీ ఇవ్వలేను. హెచ్చరిక లేఖ రావచ్చు. ఇన్‌ఛార్జ్ మొహం చాటేస్తాడు, లైన్‌లో కొన్నాళ్లు ఎవరూ సరిగా మాట్లాడకపోవచ్చు. బాగా చెడితే ఒప్పందం రద్దు చేయాలని చూడవచ్చు. అది కూడా నోటిమాటతో గేటు బయటికి పంపినంత సులువు కాదు. నీ ఒప్పందం చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డులో నమోదై ఉంటుంది. మధ్యలో రద్దు కావాలంటే కంపెనీ అయినా, నువ్వయినా అప్రెంటిస్‌షిప్ సలహాదారుకు (ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన అధికారి) దరఖాస్తు పెట్టుకోవాలి. నా అనుభవంలో మాత్రం, తనంతట తాను వచ్చి చెప్పిన కుర్రాణ్ణి క్వాలిటీ వాళ్లు వదులుకోరు. అలాంటివాళ్లు వాళ్లకు దొరకరు.

ముందు నోటితో చెప్పు, ఆ రోజే రాసి కూడా ఇవ్వు. ఎవరి మీదా ఫిర్యాదులా రాయకు. నువ్వు చేసింది ముందు, మిగతాది తర్వాత. దాదాపు ఇలా: ‘ఫలానా తేదీ నైట్ షిఫ్ట్‌లో 2 నుంచి 6 గంటల వరకు ఉన్న రీడింగులు నేను పీసులు కొలవకుండా రాశాను. ఆ సమయంలో ఆపరేటర్ పక్క మెషిన్ కూడా చూస్తున్నారు. నేను కొలవలేదని ఆయనకు తెలియదు. ప్రొడక్షన్ వెనకబడినప్పుడు రీడింగులు నింపెయ్యమని నాకు చెప్పేవారు. అయినా రాసింది నేనే, తప్పు నాదే.’ ఆపరేటర్‌కు నిజంగా తెలియకపోతేనే ఆ మూడో వాక్యం ఉంచు. తెలిసి ఉంటే తీసెయ్. ఆయన్ను కాపాడాలని ఇంకో అబద్ధం రాయకు. ఎవరు చెప్పారని అడిగితే అప్పుడు పేరు చెప్పు. ఉత్తరం ఫోటో తీసి నీ దగ్గర ఉంచుకో.

ఇక రెండో బాధ. ఏడు నెలలుగా ఒకే మెషిన్ దగ్గర ఉంచారన్న నీ కోపం న్యాయమైనది. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి డిగ్రీ, డిప్లొమా ఇంజనీర్లను అందులో చేర్చారు. ఆ చట్టం నిన్ను కార్మికుడు అనదు, శిక్షణ పొందేవాడు అంటుంది. దానివల్ల నీకు నష్టమూ ఉంది, లాభమూ ఉంది. కార్మిక చట్టాలు చాలావరకు నీకు వర్తించవు. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం కూడా లేదు, ఆ విషయంలో కంపెనీ పద్ధతి కంపెనీది. కానీ ఫ్యాక్టరీలో ఆరోగ్యం, భద్రతకు సంబంధించిన రక్షణలు నీకూ ఉన్నాయి. పనిలో గాయమైతే పరిహారం ఉంది. సలహాదారు అనుమతి లేకుండా నీచేత ఓవర్‌టైమ్ చేయించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నీకు పని నేర్పాలి. ‘నాకు ఇంకా ఐదు నెలలున్నాయి. క్వాలిటీ ల్యాబ్‌లో ఒక నెల, టూల్ రూమ్‌లో ఒక నెల, మెయింటెనెన్స్‌లో ఒక నెల వెయ్యండి’ అని రాసి అడుగు. అడగని అప్రెంటిస్‌ను లైన్‌లోనే ఉంచుతారు, అక్కడ మనుషులు ఎప్పుడూ తక్కువే. అడిగినా ఇవ్వకపోతే బోర్డుకు రాయవచ్చు. అది ఆఖరి మెట్టు, ముందే ఎక్కకు.

ఈలోగా నీ మెషిన్ దగ్గరే ఒక పని చెయ్యి. ఇన్సర్ట్ కొత్త అంచు పెట్టినప్పటి నుంచీ ప్రతి పదో పీసు కొలిచి చిన్న నోట్‌బుక్‌లో రాసుకో. ఏ పీసు దగ్గర బోరు ఎన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గింది, ఎన్నో పీసుకు ఆఫ్‌సెట్ ఇచ్చారు, ఎన్నో పీసుకు అంచు మార్చారు. మెషిన్ వేడెక్కక ముందు ఎలా ఉంది, వేడెక్కాక ఎలా ఉంది. రెండు వారాలు రాస్తే ఒక గీత తయారవుతుంది. ఇన్ని పీసులకోసారి ఆఫ్‌సెట్, ఇన్ని పీసులకు అంచు మార్పు అని నువ్వే చెప్పగలుగుతావు. అప్పుడు రెండు గంటలకోసారి కొలిస్తే సరిపోతుందా, గంటకోసారి కొలవాలా, లేక మూడు గంటలైనా పర్వాలేదా అన్నదానికి నీ దగ్గర జవాబు ఉంటుంది. ఇన్‌ఛార్జ్‌కు కూడా అది పనికొస్తుంది. కొలవడం వల్ల టైం పోతోంది అన్నది ఆయన గోల కదా. నువ్వు బి.టెక్‌లో చదివిన టూల్ వేర్ (పనిముట్టు అరుగుదల) పాఠం ఇదే. ఏడు నెలలుగా అది నీ కళ్ల ముందే నడుస్తోంది. రేపు ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా ‘ఏడాది ఏం చేశావు’ అన్నదానికి ఆ నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టవచ్చు.

కోర్సు సంగతి. సాఫ్ట్‌వేర్ మంచిది కాదని నేను చెప్పను, నా పెద్దకొడుకు అందులోనే ఉన్నాడు. నిజం చెప్పాలంటే తయారీ రంగంలో మొదటి నాలుగైదేళ్లు జీతాలు తక్కువే, దాచడం దేనికి. కానీ 60 వేలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,200. కోర్సు ఆరు నెలలూ స్టైపెండ్ ఉండదు, హాస్టల్ ఖర్చు అదనం. నిరుడు మిర్చి ధర పడి మీ నాన్న ఎంత నష్టపోయాడో నువ్వే రాశావు. ఆ బరువు ఆయన నెత్తిన పెట్టే ముందు నీకు ఆ పని నిజంగా ఇష్టమో కాదో తేల్చుకో. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ప్రోగ్రామింగ్ పాఠాలు ఉచితంగా చూడవచ్చు. రెండు నెలలు, వీక్లీ ఆఫ్ రోజున నాలుగు గంటలు కూర్చో. నిద్రమాని చేయబుద్ధి వేస్తే అది నీ దారే, ఇక్కడ ఏడాది పూర్తి చేసి సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని వెళ్లు. రెండో వారానికే విసుగొస్తే 60 వేలు మిగిలినట్టే.

ఇప్పుడే మానేస్తే ఏమవుతుంది? చేతిలో సగం అప్రెంటిస్‌షిప్ ఉంటుంది, దానికి విలువ లేదు. మధ్యలో వదిలితే ఏం కట్టాలో నీ ఒప్పందంలో రాసి ఉంటుంది, అది చదువుకో. అన్నిటికంటే, ఆ అన్నకు నోటీసు వచ్చిన నెలలోనే నువ్వు వెళ్లిపోయావని లైన్‌లో అందరికీ గుర్తుంటుంది. నీకూ గుర్తుంటుంది.

ఏడాది పూర్తయ్యాక ఇంకో దారి కూడా ఆలోచించు. బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతోంది. మెకానికల్ డిగ్రీ ఉన్నవాళ్లకు టూల్ డిజైన్‌లో పెద్ద కోర్సులూ ఉన్నాయి, సీఎన్‌సీ, క్యాడ్‌లలో చిన్న కోర్సులూ ఉన్నాయి. ఒకసారి వెళ్లి కనుక్కో. ఏడాది లైన్‌లో నిలబడినవాడికి ఆ పాఠాలు వేరేలా వినిపిస్తాయి. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాడు ఇన్సర్ట్ బొమ్మ చూస్తాడు. నీకు దాని అరిగిన అంచు తెలుసు.

మీ నాన్న ఊళ్లో చెప్పుకునే మాటకు సిగ్గుపడుతున్నానని రాశావు. సిగ్గుపడకు, ఆయనకు అంతా చెప్పు. షీటు సంగతి కూడా చెప్పు. కల్లంలో మిర్చిని పిడికిట్లోకి తీసుకుని, గింజ గలగలమంటోందో లేదో చెవి దగ్గర పెట్టుకుని వినందే మీ నాన్న గోతానికి మూతి కుట్టడు. పచ్చి ఉన్న సరుకు యార్డుకు వెళితే తన పేరు ఏమవుతుందో ఆయనకు తెలుసు. నువ్వేం చేశావో, అది ఎందుకు నీకు నిద్ర పట్టనివ్వడం లేదో అందరికంటే ముందు ఆయనకే అర్థమవుతుంది. ఇంకో సంగతి, ‘అప్పు తేవద్దు నాన్నా, ఇంకో ఐదు నెలలు ఆగు’ అన్న మాట ఫోన్‌లో ఈ వారమే చెప్పు. ఆయన ఈపాటికే ఎవరినో అడిగి ఉండవచ్చు.

క్వాలిటీ హెడ్ దగ్గరికి వెళ్లే ముందు ఒక మనిషితో మాట్లాడాలి. శ్రీకాకుళం అన్నతో. ఆయన ఈ సంగతి ఆఫీసులో వినకూడదు, నీ నోటి నుంచే వినాలి. కోప్పడవచ్చు. పదకొండేళ్ల సర్వీసు ఉన్న మనిషి, నెల రోజులుగా ఒళ్లు కాల్చుకుంటున్నాడు, కోప్పడే హక్కు ఆయనకు ఉంది. అడ్డు చెప్పకుండా విను. ఈ వారం ఇద్దరికీ ఒకే షిఫ్ట్ అని రాశావు కదా. క్యాంటీన్‌లో వద్దు, అక్కడ నలుగురూ ఉంటారు. షిఫ్ట్ దిగాక కంపెనీ బస్సు వచ్చేలోపు గేటు బయట పది నిమిషాలు దొరుకుతాయి. అప్పుడు పక్కకు పిలువు.